బాలి వర్క్‌షాప్‌కి కొత్త కెమెరా కొనాలా?

ప్రశ్న: నమస్తే అండీ. నా వయసు 38. సొంతూరు కొవ్వూరు. పెళ్లయ్యాక బెంగళూరులో స్థిరపడ్డాం, మారతహళ్లి దగ్గర ఉంటాం. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని. ఫోటోలంటే చిన్నప్పటి నుంచి ఇష్టం. ఐదేళ్ల కిందట కొన్న క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, దాంతో వచ్చిన 18-55 లెన్స్, ఒక 55-250 జూమ్ ఉన్నాయి. వచ్చే జులైలో బాలి దీవిలో ఏడు రోజుల ఫోటోగ్రఫీ వర్క్‌షాప్‌కి డబ్బు కట్టేశాను. బతూర్ అగ్నిపర్వతం ఎక్కడం, వరి మళ్లు, నల్ల ఇసుక తీరం, గుళ్లు ఉన్నాయి. కావాలనుకున్నవాళ్లకు చివర్లో రెండు రోజులు తూర్పు జావాలోని ఇజెన్ అగ్నిపర్వతం కూడా చూపిస్తారట. ఇంకా నాలుగు నెలలుంది గానీ ఇప్పటి నుంచే టెన్షన్. గ్రూపులో అందరి దగ్గరా పెద్ద సెన్సర్ ఉన్న ఖరీదైన ఫుల్ ఫ్రేమ్ కెమెరాలున్నాయి. నేనూ ఈఎంఐ మీద ఒకటి తీసుకోనా? నాకు చలికాలంలో పిల్లికూతలు వస్తాయి, ఇన్హేలర్ వాడతాను. కొండ ఎక్కగలనా? ఒంటరిగా విదేశం వెళ్లడం ఇదే మొదలు. మావారు వెళ్లమంటున్నారు. అత్తయ్యగారు మాత్రం "ఫోటోల కోసం నిప్పులు కక్కే కొండ దగ్గరికా?" అంటున్నారు. ఎలా సిద్ధం కావాలో చెప్పండి. పేరు వేయవద్దు.

సమాధానం:

అమ్మా, కెమెరా కొనకండి. ఈఎంఐ సంగతి అటుంచితే, వర్క్‌షాప్ ముందు కొత్త కెమెరా చేతికి రావడమే నష్టం. తెల్లవారుజామున, చీకట్లో, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, ఏ బటన్ ఎక్కడుందో చూడకుండానే వేలికి తగలాలి. ఐదేళ్లుగా వాడుతున్న కెమెరాతో ఆ చనువు మీకు సగం వచ్చేసే ఉంటుంది. కొత్తదానితో మళ్లీ మొదటికి వస్తారు. అంత డబ్బు పోసి వెళ్లి అక్కడ మెనూలు వెతుక్కుంటూ కూర్చోవడం నాకిష్టం లేదు. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ తక్కువ వెలుతురులో శుభ్రమైన ఫోటో ఇస్తుంది, కాదనను. కానీ ట్రైపాడ్ మీద పెట్టి, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100 దగ్గర తీసేటప్పుడు ఆ తేడా పెద్దగా కనిపించదు. నక్షత్రాల ఫోటోల్లో కనిపిస్తుంది. ఒక్క రాత్రి పని కోసం రెండు లక్షల అప్పు అక్కర్లేదు.

డబ్బు పెట్టాల్సింది గాలికి ఊగని ట్రైపాడ్ మీద. దాని తర్వాత రెండు అదనపు బ్యాటరీలు, ఎర్ర లైటు కూడా ఉన్న హెడ్ ల్యాంప్, మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ ఒకటి. మీ 18-55 వెడల్పు చాలదనిపిస్తే 10-18 లాంటి వైడ్ లెన్స్ బెంగళూరులో అద్దెకు దొరుకుతుంది. ముందు ఒక వారాంతం తెచ్చి వాడి చూడండి. నచ్చితేనే ప్రయాణానికి తీసుకోండి. విదేశానికి తీసుకెళ్లడానికి ఒప్పుకుంటారా, పాడైతే ఎంత కట్టాలి అన్నది షాపువాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక అసలు సాధన చేయాల్సిన విషయం ఒకటుంది, దాన్ని కాస్త వివరంగా చెప్తాను. మీరు వెళ్లే చోట నేల నలుపు. బతూర్ 1963లో, తర్వాత 1968లో, 1974లో కక్కిన లావా కొండ పాదం చుట్టూ ఇప్పటికీ నల్లగా పరుచుకుని ఉంది. తీరంలో ఇసుకా నలుపే. కెమెరాలో వెలుగును కొలిచే మీటరు తన ముందున్న ఏ దృశ్యాన్నయినా నడిమి బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. ఫ్రేము నిండా నల్లరాయి ఉంటే "చీకటిగా ఉంది కాబోలు" అని వెలుగు పెంచేస్తుంది. రాయి వెలిసిపోయి సిమెంటు రంగులోకి వస్తుంది, పైనున్న ఆకాశం తెల్లగా పేలిపోతుంది. అదే ఫ్రేము నిండా మబ్బు, పొగమంచు ఉంటే మీటరు వెలుగు తగ్గిస్తుంది, తెల్లటి మంచు మురికిగా కనిపిస్తుంది. అందుకే నల్ల నేల మీద ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ వైపు అరస్టాపు నుంచి ఒక స్టాపు దాకా దించాలి (ఒక స్టాపు దించితే వెలుగు సగమవుతుంది). మంచులో ప్లస్ వైపు అంతే ఎక్కించాలి. బతూర్ మీద ఈ రెండూ పది నిమిషాల తేడాలో వస్తాయి. ఒక పక్క లావా బండలు, ఇంకో పక్క సరస్సు మీద తేలే మబ్బు.

దీన్ని నేర్చుకోవడానికి బాలి దాకా వెళ్లనక్కర్లేదు. మీ వంటింటి గట్టు నల్ల గ్రానైటే అయ్యుంటుంది. దాని మీద ఒక స్టీలు గ్లాసు పెట్టి, కిటికీ వెలుగులో కాంపెన్సేషన్ మార్చుకుంటూ తీయండి. ప్రతిసారీ హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు నీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) చూడండి. తర్వాత తెల్ల దుప్పటి మీద అదే గ్లాసు. రోజుకు పావుగంట చాలు. నెల తిరిగేసరికి దృశ్యం చూడగానే ఎటు తిప్పాలో చేతికే తెలుస్తుంది. ఫోటోలు రా ఫైల్స్‌గా (సెన్సర్ పట్టినదంతా కుదించకుండా దాచే ఫైళ్లు) తీయడం ఇంకా మొదలుపెట్టకపోతే ఇప్పుడే మొదలుపెట్టండి. నల్లరాయిలో గీతలు, గుంతలు, ఎండ తగిలిన అంచులు జెపెగ్‌లో ముద్దగా మారిపోతాయి. రా ఫైల్లో వాటిని మళ్లీ పైకి తీసుకురావచ్చు.

మీది కొవ్వూరు అన్నారు కాబట్టి ఒక మాట. వేసవి సెలవుల్లో ఊరెళ్తే పంగిడి, గౌరీపట్నం వైపు ఒక సాయంత్రం వెళ్లి రండి. ఆ క్వారీల్లో కంకర కోసం పగలగొట్టే నల్లరాయి చిన్నప్పటి నుంచీ చూసే ఉంటారు. అది చల్లారిన లావాయే. రాజమండ్రి ట్రాప్స్ అంటారు. దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట దక్కన్ పీఠభూమి పశ్చిమ భాగంలో పొంగిన లావా పాత నదీ లోయల వెంబడి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి మీ ఊరి దాకా వచ్చిందని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. బతూర్ రాయి కూడా బసాల్టు అనే ఈ నల్ల లావా రాయి జాతిదే, కాకపోతే దానికి అరవై ఏళ్లు. క్వారీ లోపలికి మాత్రం వెళ్లకండి. పేలుళ్లుంటాయి, అంచులు కూలతాయి. రోడ్డు పక్క నుంచి, సాయంత్రపు ఏటవాలు ఎండలో ఆ రాతి పొరలు తీయండి. బెంగళూరు రాయి దీనికి పూర్తిగా వేరు. లాల్‌బాగ్ బండ సుమారు 300 కోట్ల ఏళ్లనాటి నైస్ శిల, లేత బూడిద రంగు, నున్నటి వంపులు. రెండు రాళ్లూ తీసి పక్కపక్కన పెట్టుకుని చూస్తే, లావా నేల మీద వెలుగు ఎలా విరుగుతుందో అక్కడికి వెళ్లక ముందే మీకు కొంత తెలిసిపోతుంది. అందరూ కెమెరా స్పెసిఫికేషన్లు చదువుకుని వస్తారు. మీరు రాయిని చదువుకుని వెళ్లండి.

ఇప్పుడు కొండ సంగతి. బతూర్ ఎత్తు 1,717 మీటర్లు. ఆక్సిజన్ తగ్గేంత ఎత్తేమీ కాదు. బెంగళూరే సుమారు 900 మీటర్ల మీద ఉంది. ఎక్కాల్సింది సుమారు ఆరేడు వందల మీటర్లు, మామూలుగా రెండు గంటల నడక. కష్టం పెట్టేది పై భాగం. గుల్ల రాళ్లు, బూడిద కలిసిన జారుడు నేల. రెండడుగులు వేస్తే ఒకడుగు వెనక్కి జారుతుంది. దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం ఇంకా ఎక్కువ. నంది కొండకు కారులో వెళ్లడం మానేసి, కింది నుంచి మెట్ల దారిన ఎక్కి దిగండి. కెమెరా బ్యాగు వీపున వేసుకునే ఎక్కండి, ఎందుకంటే ఆ రోజు మోయాల్సింది అదే. ఒక నెల గడిచాక స్కందగిరి వెళ్లండి, దానికి ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకోవాలి. బూట్లు ఇప్పుడే కొని ఈ నడకల్లో అరగదీయండి. కొత్త బూట్లతో విమానం ఎక్కకండి.

నడక కంటే నిద్ర ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, దీని గురించి ఎవరూ చెప్పరు. బాలి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. కొండ ఎక్కేవాళ్లను అక్కడ రాత్రి రెండింటికి లేపుతారు. అంటే మన గడియారంలో రాత్రి పదకొండున్నర. బెంగళూరులో మీరు పడుకునే సమయానికి అక్కడ లేవాలన్నమాట. బయల్దేరడానికి వారం ముందు నుంచి రాత్రి ఎనిమిదిన్నరకే పడుకోవడం మొదలుపెట్టండి. ఇంట్లో కుదరదంటే కనీసం చివరి మూడు రాత్రులు.

పిల్లికూతల విషయం తేలిగ్గా తీసుకోవద్దు, భయపడవద్దు కూడా. చల్లటి పొడి గాలి, ఒక్కసారిగా వచ్చే శ్రమ, దుమ్ము, ఈ మూడూ శ్వాసనాళాలను బిగించేవే. బతూర్ మీద తెల్లవారుజామున మూడూ ఉంటాయి. ఊపిరితిత్తుల డాక్టరుకు ఈ ప్రయాణం సంగతి పూర్తిగా చెప్పి పరీక్ష చేయించుకోండి. ఎక్కే ముందు ఇన్హేలర్ ఒకసారి పీల్చాలా, వెంట ఏ మందులుండాలి అన్నది ఆయనే రాసివ్వాలి. ఇన్హేలర్లు రెండు తీసుకెళ్లండి. ఒకటి జేబులో, ఒకటి బ్యాగులో. ప్రిస్క్రిప్షన్ కాగితం పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి. నిర్వాహకులకు ముందే మెయిల్ రాయండి, గైడుకూ చెప్పండి. మీ నడక మీదే, ఎవరితోనూ సమానంగా ఎక్కాల్సిన పని లేదు. గ్రూపుకంటే ఇరవై నిమిషాలు ముందు బయల్దేరతానని అడగండి, మంచి నిర్వాహకులు కాదనరు.

ఇజెన్ మాత్రం వద్దు. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగానే చెప్తున్నాను. అక్కడ రాత్రిపూట కనిపించే నీలి మంట అంటే భూమి లోంచి వచ్చే గంధక వాయువులు గాలి తగిలి మండటం. దాని దగ్గరికి వెళ్లాలంటే బిలం లోపలికి దిగాలి. గాలి తిరిగితే సల్ఫర్ డయాక్సైడ్ నేరుగా ముఖం మీదికొస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు అది చాలా తక్కువ మోతాదులోనే ప్రమాదం. ఎన్95 మాస్కు ఉందిగా అనుకుంటారేమో. అది బూడిదను ఆపుతుంది, వాయువును ఆపదు. వాయువుకు వేరే ఫిల్టర్లున్న మాస్కులు కావాలి, అవి కూడా ముఖానికి సరిగ్గా అతుక్కుంటేనే పనికొస్తాయి. ఆ బిలంలో పసుపు గంధకపు గడ్డలను భుజాన మోసుకుంటూ పైకెక్కే కార్మికులను ఫోటో తీయాలని చాలామంది వెళ్తారు. ఆ మనుషులు పొగలో దగ్గుతూ బరువు మోస్తుంటే దారికి అడ్డం నిలబడి తీయడం నాకు మొదటి నుంచీ సమ్మతం కాదు. ఆ రెండు రోజులు బాలిలోనే ఉండిపోండి. వరి మళ్ల దగ్గర మీకు పని ఉంది.

ఆ మళ్ల గురించి చెప్పాలి. మీరు గోదావరి కాలువల నడుమ పెరిగారు. నీటి వంతు, లాకు, పంట బోదె అంటే ఏమిటో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. బాలిలో సుబక్ అని రైతుల నీటి సంఘాలున్నాయి. 9వ శతాబ్దం నుంచీ నడుస్తున్న పద్ధతి. కొండ సరస్సు నుంచి దిగే నీటిని ఏ మడికి ఎప్పుడు వదలాలో ఊరూ గుడీ కలిసి నిర్ణయిస్తాయి. 2012లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. జతిలువిహ్ మళ్లు అందులో భాగం. వచ్చినవాళ్లందరూ పై నుంచి పచ్చటి మెట్లను ఒక ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు కిందికి దిగి నీరు చీలే చోటు చూడండి. తూము, గట్టు, గట్టు మీద చిన్న గుడి, మడమ లోతు నీళ్లలో మనిషి. వరి చూడటం తెలిసిన కన్ను మీది. తడి ఆకుల మీద మెరుపు తగ్గి అసలు పచ్చదనం రావాలంటే పోలరైజర్ అక్కడ తిప్పాలి.

మీతో వచ్చేవాళ్లు మీకంటే బాగా తీస్తారన్న భయం మీ ఉత్తరంలో నాలుగు మాటల్లోనే ఉంది, కానీ అసలు టెన్షన్ అదేనని నాకనిపించింది. ఏదో ఒకటి వెతుకుతూ వెళ్లేవాళ్లకు ఆ భయం చాలావరకు తగ్గుతుంది. కొండ మంచీ చెడూ రెండూ చేసిన చోటు ఇది. 1926లో బతూర్ లావా దాని పాదం దగ్గరున్న ఊరిని, గుడిని కప్పేసింది. ఊరివాళ్లు పైనున్న అంచుకు తరలి, అక్కడ మళ్లీ గుడి కట్టుకున్నారు. 1963లో పక్కనున్న ఆగుంగ్ అగ్నిపర్వతం బద్దలైతే వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆ కొండ వాలునే ఉన్న బెసాకిహ్ ఆలయాన్ని లావా కొద్ది దూరంలో తప్పించి పారింది. అదే కొండ బూడిదతోనే ఇవాళ ఆ మళ్లు పండుతున్నాయి. "కొండ కింద మళ్లీ కట్టుకున్న ఇళ్లు" అన్నది ఏడు రోజులకూ మీ ప్రశ్న కావచ్చు. లేదా కేవలం నలుపు. లేదా నీళ్లు. ఏదైనా ఒకటి ఎంచుకుని, బయల్దేరేలోపు బెంగళూరులోనే దాని మీద పన్నెండు ఫోటోలు తీసి, ప్రింట్లు వేయించి పట్టుకెళ్లండి. మొదటిరోజు ఉపాధ్యాయుడు మీ పని చూస్తానన్నప్పుడు ఫోన్లో మూడు వందల ఫోటోలు జరిపే వాళ్లకంటే, పన్నెండు ప్రింట్లు బల్ల మీద పరిచిన మీతో ఎక్కువసేపు మాట్లాడతారు. నాకు ఇందులో అనుమానం లేదు.

నిర్వాహకులకు ఇప్పుడే రాసి అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒక్కో ఉపాధ్యాయుడికి ఎంతమంది? మీ ఫోటోల మీద చర్చకు రోజూ సమయముందా, లేక తిప్పడమేనా? అగ్నిపర్వతం వల్ల రద్దయితే డబ్బు తిరిగిస్తారా? శిక్షణకు వచ్చేవాళ్లు ఏ వీసా మీద రావాలి? విహారయాత్ర మీద వెళ్లే మనవాళ్లకు అక్కడ దిగాక ఇచ్చే వీసా ముప్ఫై రోజులది, రుసుము 5 లక్షల రుపియా. బాలికి వెళ్లే విదేశీయులు 2024 ఫిబ్రవరి నుంచి అదనంగా లక్షా 50 వేల రుపియా కట్టాలి, ముందే ఆన్‌లైన్లో కట్టేయవచ్చు. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉండాలి. ఇంకో ప్రశ్న కూడా అడగండి: వేషాలు వేసి, డబ్బిచ్చి నిలబెట్టే మనుషులతో ఎన్ని సెషన్లున్నాయి? లెంపుయాంగ్ గుడి గోపురం ముందు నీళ్లలో ప్రతిబింబం ఉన్న ఫోటో మీరు చూసే ఉంటారు. అక్కడ చెరువే లేదు, ఫోన్ లెన్స్ కింద అద్దం ముక్క పెట్టి తీస్తారు. అలాంటి వాటికోసం గంటలు క్యూలో నిలబెట్టే కార్యక్రమమైతే, ఆ పూట నేను రానని చెప్పే హక్కు మీకుంది.

అత్తయ్యగారి భయం అర్థం లేనిదేమీ కాదు. ఆమెకు సమాధానంగా ధైర్యం చెప్పకుండా సమాచారం చూపించండి. ఇండోనేసియా ప్రభుత్వ అగ్నిపర్వత పరిశీలన సంస్థ ప్రతి కొండకూ నాలుగు స్థాయిల హెచ్చరిక ఇస్తుంది. మొదటిది మామూలు స్థితి, నాలుగోది ఖాళీ చేయాల్సిన స్థితి. మాగ్మా ఇండోనేసియా అనే వారి సైటులో రోజూ చూడొచ్చు. మీరూ ఆమే కలిసి చూడండి. బతూర్ చివరిసారి బద్దలైంది 2000లో. వాస్తవంగా మీ ప్రయాణాన్ని చెడగొట్టగలిగేది వేరే దీవిలోని కొండ కూడా కావచ్చు. 2024 నవంబరులో ఫ్లోరెస్ దీవిలో లెవొతొబి బద్దలైతే, బాలికి రాకపోకలు చేసే విమానాలు చాలా రద్దయ్యాయి. బూడిద అంటే పొయ్యిలో బూడిద లాంటిది కాదు, సన్నటి గాజు, రాతి ముక్కలు. జెట్ ఇంజిన్ వేడికి కరిగి లోపల అతుక్కుంటాయి. 1982లో జావా మీద గలుంగుంగ్ అగ్నిపర్వతపు బూడిదలోకి వెళ్లిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి. అదృష్టం కొద్దీ మళ్లీ నడిచి జకార్తాలో దిగింది. అప్పటి నుంచే బూడిద ఉన్నచోట ఎగరకూడదన్న జాగ్రత్త గట్టిపడింది. కాబట్టి విమానం రద్దయితే విసుక్కోకండి, అది మన కోసమే. ఆఫీసులో తిరిగొచ్చాక రెండు రోజులు అదనపు సెలవు అడిగి ఉంచండి. ప్రయాణ బీమా ఇప్పుడే తీసుకోండి. కొండ బద్దలయ్యాక తీసుకుంటే "తెలిసిన సంఘటన" అంటూ తిరస్కరించవచ్చు. ఆస్తమా సంగతి ఫారంలో దాచవద్దు.

వెళ్లాక కెమెరాను చూసుకోవడం బెంగళూరు అలవాట్లతో కుదరదు. మన ఊళ్లో గాలి పొడిగా ఉంటుంది, చెన్నైవాళ్లకు తెలిసినంతగా లెన్సు ఫంగస్ మనకు తెలియదు. ఏసీ గదిలో రాత్రంతా చల్లబడిన కెమెరాను బాలి తీరపు ఉక్కలోకి తీస్తే లెన్సు మీద, కొన్నిసార్లు లోపల కూడా, ఆవిరి పడుతుంది. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది. బయల్దేరడానికి గంట ముందు కెమెరాను గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, సంచిని బయట వరండాలో ఉంచండి. ఆవిరి సంచి మీద పడుతుంది, కెమెరా మెల్లగా వేడెక్కుతుంది. సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు వేసుకోండి. కొండ మీద దుమ్ము పడితే ముందు బ్లోయరుతో ఊదాలి, ఆ తర్వాతే గుడ్డ. అది గాజుపొడి కదా, రుద్దితే లెన్సు పూత గీసుకుపోతుంది. అక్కడ లెన్సు మార్చవద్దు. సముద్రం దగ్గర ఉప్పు తుంపర పడితే మంచినీళ్లతో తడిపి పిండిన గుడ్డతో ఆ సాయంత్రమే తుడవండి.

వెలుతురు గురించి రెండు విషయాలు. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి సూర్యుడు నిటారుగా లేస్తాడు, నిటారుగా దిగుతాడు. తెలవారడానికి ముందు ఆకాశం రంగులు మారే సమయం ఇరవై నిమిషాలకు కాస్త ఎక్కువ, అంతే. జులైలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. ఆరుకే ట్రైపాడ్ మీద ఫ్రేము సిద్ధమై ఉండాలి. శిఖరం నుంచి తూర్పుకు సరస్సు, అబంగ్, ఆగుంగ్ కొండలు వరసగా కనిపిస్తాయి, గాలి తేటగా ఉంటే లోంబోక్ దీవిలోని రింజాని కూడా. మీ 55-250 లెన్స్ అక్కడే పనికొస్తుంది. అందరూ వైడ్ పెట్టుకుని సూర్యుడి వైపు చూస్తుంటే, మీరు జూమ్‌తో ఒకదాని వెనక ఒకటి పలచబడుతూ పోయే కొండ అంచులు తీయండి. రెండోది పాలపుంత. జులైలో వృశ్చిక, ధనూ రాశులు బెంగళూరులో ఆకాశం సగం ఎత్తుకు వస్తే, బాలిలో దాదాపు నడినెత్తిన ఉంటాయి. 18 మిల్లీమీటర్ల దగ్గర, అపర్చర్ 3.5, ఐఎస్ఓ 3200, పదిహేను సెకన్లు. అంతకు మించితే మీ సెన్సర్ మీద చుక్కలు గీతలవుతాయి. ఫోకస్ మాన్యువల్‌లో, స్క్రీన్ మీద ఒక నక్షత్రాన్ని పెద్దది చేసుకుని బిగించండి. ఈ పని బెంగళూరు డాబా మీద చీకట్లో ముందే చేసి చూడండి. పాలపుంత రాకపోయినా వేళ్లకు అలవాటవుతుంది.

గుళ్ల దగ్గర నడుముకు సరోంగ్, దాని మీద పట్టీ కట్టుకోవాలి. పూజారి కూర్చున్న ఎత్తుకంటే పైన నిలబడి తీయకూడదు, పూజ జరుగుతుంటే ఫ్లాష్ వాడకూడదు, మొక్కుతున్నవాళ్ల ముందు నుంచి నడవకూడదు. నెలసరి రోజుల్లో ఆడవాళ్లను లోపలికి రానివ్వరు. ఆ రోజుల్లో బయటి ప్రాంగణంలో ఏం తీయాలో ముందే ఆలోచించుకోండి. వాకిళ్ల ముందు లేత కొబ్బరాకు దొన్నెల్లో పూలు, అన్నం పెట్టి ఉంటారు. కింద చూసుకుని నడవండి. మనుషులను తీసే ముందు "బోలే ఫోటో?" అని అడిగి, తీశాక "సుక్స్మ" అనండి. అడిగే అలవాటు లేకపోతే కేఆర్ మార్కెట్ పూల అంగళ్ల దగ్గర తెల్లవారుజామున రెండు మూడుసార్లు సాధన చేయండి. అక్కడ తెలుగులో పలకరిస్తే జవాబిచ్చేవాళ్లు కూడా దొరుకుతారు. శాకాహారి అయితే ఇంకో జాగ్రత్త. అక్కడి సంబల్ కారంలో తరచూ తెరాసి అనే రొయ్యల ముద్ద కలుపుతారు, ముందే అడగండి.

సామాను గురించి క్లుప్తంగా. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్‌లో వేయకూడదు. చేతి సంచి బరువు ఏడు కిలోలే కాబట్టి ట్రైపాడ్ పెద్ద సూట్‌కేసులో పెట్టండి. అక్కడి ప్లగ్గులు రెండు గుండ్రటి పిన్నులవి, మన మూడు పిన్నులవి దూరవు. ఒక అడాప్టర్, ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు చాలు. ఫోటోలు ప్రతి రాత్రీ రెండు చోట్ల దాచండి. బెంగళూరులో వేసుకునే స్వెటరు, దాని మీద గాలి ఆపే జాకెట్ కొండకు సరిపోతాయి. డ్రోన్ ఎవరైనా ఇచ్చినా తీసుకెళ్లకండి. అక్కడ అనుమతులు, తిరిగొచ్చేటప్పుడు ఇక్కడ కస్టమ్స్, రెండు వైపులా తలనొప్పే.

కెంపేగౌడ విమానాశ్రయంలో బయల్దేరే రోజు కస్టమ్స్ కౌంటరు దగ్గర కెమెరా, లెన్సుల సీరియల్ నంబర్లు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. తిరిగొచ్చినప్పుడు ఇవి అక్కడ కొన్నవి కావని అదే సాక్ష్యం. అద్దె లెన్సుకైతే షాపు రశీదు కూడా వెంట ఉంచుకోండి. దానికి గంట అదనంగా పెట్టుకుని ఇంటి నుంచి బయల్దేరండి, మారతహళ్లి ట్రాఫిక్ సంగతి మీకు తెలిసిందే. ఇవన్నీ నెమ్మదిగా చేసుకోవచ్చు గానీ, డాక్టరు దగ్గరికి మాత్రం ఈ వారమే వెళ్లండి. కొండ ఎక్కాలా వద్దా అన్నది ఆయన తేల్చాకే బూట్లు కొనండి.